బాగుందప్పా, సదువు

ఒక్క మాట చాలు. మౌలాలి అంతకంటే ఎక్కువేమీ కోరలేదు. భార్య లాలాబీ బతికుండగా అన్న మాట ఒకటి, ఏదైనా సరే, కోపంగా అన్నదైనా నవ్వుతూ అన్నదైనా, ఆమె గొంతుతో సహా ఈ బస్సు ఆదోని చేరేలోపల చెవిలో పడితే చాలు, మిగిలింది ఎట్లాగో రాజశేఖర్ చూసుకుంటాడు. ఎమ్మిగనూరు బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికింది. శ్రావణమాసం సోమవారం ఈ దారిలో కిటికీ సీటు దొరకడమంటే మాటలు కాదు, ఉరుకుంద ఈరన్నను చూసి తిరిగొస్తున్న జనంతో బస్సు కిక్కిరిసి ఉంది, గుండు మీద గంధం ఇంకా ఆరని పిల్లలు, టెంకాయ చిప్పల సంచులు, తడి తువ్వాళ్ల వాసన, పక్క సీట్లో ఒక ముసలామె మనవణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని మోకాళ్లతో అతని చోటు కూడా సగం ఆక్రమించింది. ఇంకో రోజైతే మొహం చిట్లించేవాడు. ఇవాళ అదేం పట్టలేదు. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో తను రాసి తనే అచ్చు వేయించుకున్న నవల కాపీలు రెండు. ఒకటి వదినకు ఇద్దామని తీసుకుపోయాడు, లాలాబీ అక్క హుసేన్‌బీకి. సదువు రానిదానికి బుక్కెందుకప్పా అని ఆమె దాన్ని మళ్లీ ఇదే సంచిలో సర్దింది. సర్దే ముందు కొంగుతో అట్ట తుడిచింది కూడా.

పందెం తనే కట్టాడు, ఎవరూ బలవంతపెట్టలేదు. నిన్న సాయంత్రం ఆదోనిలో, తన పరుపుల అంగడిలో, కూతురు హుమేరా, స్నేహితుడు రాజశేఖర్ కలిసి నవల తిరగరాయమని మళ్లీ అదే పాట అందుకున్నారు. రాజశేఖర్ కాలేజీలో తెలుగు చెబుతాడు, ఎంత చదువుకున్నా మనిషి మంచివాడు, అదే వచ్చిన చిక్కు, మంచివాణ్ణి నాలుగు తిట్టి పంపించడం కుదరదు. "నేను పక్కన కూసుంటానన్నా, మొదట్నించీ మళ్ల రాద్దాం" అంటాడు. "అమ్మను రాయి నాయనా, ఈ చంద్రవదనను కాదు" అంటుంది హుమేరా. మౌలాలికి తిక్క రేగింది. సరే, మా వదినకు సదివి ఇనిపిస్తా, ఇది మా లాలినే అని ఆయమ్మ అనిందంటే మీరిద్దరూ మళ్ల నోరెత్తగూడదు, కాదనిందంటే మీరు సెప్పినట్లే ఇంటా, మొత్తం తిరగరాస్తా, అన్నాడు. ఓడిపోతానని కలలో కూడా అనుకోలేదు. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, పెళ్లిచూపులకు పోయినట్టు పోయాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ అంగడిలో కాచుకుని ఉంటారు. రాజశేఖర్ తెల్లకాగితాల కట్ట కూడా తెచ్చి పెట్టుకుంటానన్నాడు, గెలుపు తనదేనన్న ధీమా కాకపోతే ఏమిటది.

నవల పేరు "వెన్నెల వాకిట విధివంచిత". కథ గోదావరి ఒడ్డున జరుగుతుంది. మౌలాలి పుట్టింది ఆదోనిలో, పెళ్లి చేసుకుంది ఎమ్మిగనూరులో, చూసిన పెద్ద నీళ్లు తుంగభద్ర కాలువ, అది కూడా నీళ్లు వదిలిన రోజుల్లో. అయినా నవలన్నాక గోదావరి ఉండాలి కదా, పడవ ఉండాలి, కొబ్బరితోట ఉండాలి, జమీందారు కూతురు ఉండాలి, ఎండిన వేరుశెనగ చేను పక్కన ఎవరైనా ప్రేమించుకుంటారా, ప్రేమించుకున్నా దాన్ని ఎవరైనా అచ్చేస్తారా అనుకున్నాడు. అందుకని దూదేకుల ఇంటి పిల్ల లాలాబీ జమీందారు కూతురు చంద్రవదన అయింది. పరుపులు కుట్టే మౌలాలి, పట్నంలో చదివొచ్చిన ఆనందమోహన్ అయ్యాడు. "ఆమె నయనములు నీలాకాశమున విహరించు నీలిమేఘములవలె నీలముగా నుండెను." ఈ వాక్యం రాసిన రోజు మౌలాలి అన్నం కూడా తినలేదు, అంత సంతోషం. ఆదోనిలో పుస్తకాల మీద మాట్లాడుకునే మీటింగులో ఒక కుర్రవాడు లేచి ఇదే వాక్యాన్ని గట్టిగా చదివితే హాలంతా నవ్వింది. పూర్తిగా సదివినావా, పూర్తిగా సదివి మాట్లాడు, అన్నాడు మౌలాలి. పూర్తిగానే చదివాను సార్ అన్నాడు ఆ కుర్రవాడు. అయితే ఇంకోసారి సదువు అన్నాడు. నీలం మూడుసార్లు వచ్చిందని ఒకరంటే నాలుగుసార్లు వచ్చేంత నీలమది అన్నాడు. ఎవరో ఒక పేజీకి ఎర్రగీతలు కొట్టి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే, గీత గీతకూ విడివిడిగా వాయిస్ మెసేజులు పంపి, చివరికి వాళ్లే ఇతన్ని గ్రూపులోంచి తీసేసేదాకా ఊరుకోలేదు. అమ్ముడుపోని కాపీలు అంగడి అటక మీద దిండ్ల వెనక ఉన్నాయి. వాటి మీద దూది దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు కప్పాడు, దిండ్లకు మాత్రం కప్పలేదు.

రాజశేఖర్ మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టి, చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, "మౌలాలన్నా, దీంట్లో అందరూ ఉండారు, మా లాలాబక్క ఒక్కతే లేదు" అన్నాడు. నవ్వినవాళ్లను క్షమించాడు గానీ ఆ మాటను మూడు నెలలు క్షమించలేదు, బజారులో ఎదురైతే రోడ్డు దాటి అటు పోయేవాడు. ఎందుకంటే మిగతావాళ్లందరూ పుస్తకం బాగలేదన్నారు, వీడు లాలాబీ లేదన్నాడు. పోతున్న మనిషిని ఉంచుకోవడానికి కాకపోతే రాత్రింబవళ్లు కూర్చుని రాసిందెందుకు. అయినా మౌలాలి దగ్గర ఒక జవాబుంది, ఎవరేమన్నా చివరికి అదే తీసేవాడు, అది తీశాక ఎదుటివాడు నోరు మూసుకోవాల్సిందే. లాలాబీ విన్నది. అక్షరం అక్షరం విన్నది. బాగుందనింది. ఎవరి గురించి రాశాడో ఆ మనిషే బాగుందన్నాక నడుమ మీరెవరు.

కోటేకల్ దగ్గర బస్సు ఆగింది, ఇంకొంతమంది ఎక్కారు, ఎవరి సంచో మౌలాలి తలకు తగిలింది. ఆ సాయంత్రాలు గుర్తుకొచ్చాయి. మూడు తరాలుగా దూదేకే ఇల్లు, ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తులనూ వదల్లేదు, చివరికి లాలాబీని మంచానికి వేసింది. పడుకుంటే ఊపిరాడేది కాదు, వెనక నాలుగు దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్లు, అన్నీ తను కుట్టిన దిండ్లే. అంగడి మూసి, కాళ్లు కడుక్కుని, ఆ మంచం పక్కన స్టూలు వేసుకుని మౌలాలి చదివేవాడు. అప్పటికి అది ఇంకా అచ్చు కాలేదు, కాగితాలు. పడవలో చంద్రవదన పాట పాడే చోట గొంతు మార్చి చదివేవాడు, ఆనందమోహన్ ఉత్తరం రాసే చోట తనకే కళ్లు చెమర్చేవి. ఆపి, ఎట్లుంది అని చూసేవాడు. లాలాబీ కళ్లు మూసుకునే ఉండేది. బాగుందప్పా, సదువు, అనేది. అంతే, ఎప్పుడూ అదే. ఒకటి రెండుసార్లు మధ్యలో కళ్లు తెరిచి ఏదో చెప్పబోయింది, చెయ్యి కూడా కొంచెం లేపింది, ఉండు లాలీ, ఈ పేరా అయిపోనీ, అన్నాడు తను. పేరా అయిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమీ చెప్పలేదు, తనూ అడగలేదు. తర్వాతి పేరా ఇంకా బాగుంటుందనే ఆత్రం తనది.

ఈ పొద్దున వదిన ఇంట్లో కూడా అట్లాగే గొంతు మార్చి చదివాడు. హుసేన్‌బీ గడప దగ్గర కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతూ విన్నది, మధ్యమధ్య చెయ్యి ఆపి విన్నది, చంద్రవదన చచ్చిపోయే చోట కొంగుతో ముక్కు కూడా తుడుచుకుంది. మౌలాలి గుండె పొంగింది. పుస్తకం మూశాడు. అప్పుడు ఆమె, "పాపం, ఎవరప్పా ఆ పిల్ల? యా ఊరు?" అంది.

"లాలీ వదినా. మన లాలినే రాసినా."

ఆమె చాట కింద పెట్టింది. "మా లాలినా?" అని ఒకసారి, మళ్లీ కొంచెం ఆగి, "మా లాలి ఇట్ల మాట్లాడదు కదప్పా" అని ఒకసారి. కోపంగా కాదు, వెతుక్కుంటున్నట్టు, పప్పులో రాయి కోసం వెతికినంత శ్రద్ధగా అతని మొహంలో వెతికింది. మౌలాలి అప్పుడు కూడా తగ్గలేదు, తన దగ్గరున్న జవాబు తీశాడు. ఆమెకు మొత్తం సదివినా వదినా, బాగుందప్పా సదువు అనేది, అన్నాడు. దానికి హుసేన్‌బీ మొహం వెలిగిపోయింది. అదే అతన్ని ఇప్పటికీ కాలుస్తున్నది. ఆమె బాధపెట్టాలని చెప్పలేదు, మంచిమాట ఒకటి గుర్తొచ్చినందుకు సంతోషపడి చెప్పింది.

"అవునప్పా, నాకూ సెప్పింది. నేను సూడను వచ్చినప్పుడు సెప్పి నగింది. గోదారంట, పడవంట, ఒక్క ముక్క అర్తం కాదక్కా, అనింది. ఊరికే నా పక్కన కూసోమంటే కూసోడు, ఆయప్పకు ఏడుపొస్తాది, లేసి అంగడికి పోతాడు. సదివినంతసేపన్నా ఈడ ఉంటాడు. అందుకే బాగుందప్పా సదువు అంటాండా, అనింది. నువ్వంటే అంత ప్రాణమప్పా దానికి." చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "టీ తాగుతావా? సెక్కరేసి పెట్టనా?"

తాగాడు. చక్కెర ఎక్కువైందని కూడా అన్నాడేమో. బస్టాండుకు ఎట్లా నడిచొచ్చాడో తెలియదు. బస్సు కదిలాక మాత్రం ఒక ఆలోచన గట్టిగా పట్టుకున్నాడు. సరే, ఓడిపోయాను, ఒప్పుకుంటాను, మాట ఇచ్చాను కదా, రాజశేఖర్ కాగితాలు తెచ్చి పెట్టుకుని ఉంటాడు, మళ్లీ రాద్దాం, ఈసారి గోదావరి వద్దు, ఆదోనే, పరుపుల అంగడే, ఆమె మాట్లాడినట్టే రాద్దాం. ఆమె ఎట్లా మాట్లాడేది? మొదటి మాట ఏదో ఒకటి దొరికితే దారం కొస దొరికినట్టే, లాగితే మిగిలింది వస్తుంది. అందుకే ఒక్క మాట చాలనుకున్నాడు.

మనిషి కనిపిస్తున్నది. అదేం మర్చిపోలేదు. పరుపు మీద మోకాళ్ల మీద కూర్చుని దబ్బనంతో కుడుతుంది, దారం పళ్లమధ్య పట్టుకుని మాట్లాడుతుంది, అందుకే ఆమె మాట సగం నోట్లోంచే వచ్చేది, అది తెలుసు, కానీ ఏ మాట? కళ్లు నీలం కాదు, దూది దుమ్ముకు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, రెప్పల మీద తెల్లటి నూగు. కుట్టడం అయిపోయాక పరుపు మీద కూర్చుని అటూ ఇటూ జరిగి చూసేది, ఎక్కడైనా గడ్డ తగిలిందా, పెళ్లివాళ్లు బండి తెచ్చి బయట నిలబడి ఉన్నా సరే, కుట్లన్నీ విప్పించేది, దూదంతా బయటికి లాగి మళ్లీ ఏకించేది. కుట్టించుకునేవాళ్లు తొందరపడినా, మౌలాలి విసుక్కున్నా, ఒక్క గడ్డకు ఒప్పుకునేది కాదు. అట్లాంటి మనిషి నవలంతా విని ఒక్కచోట కూడా ఆపలేదు, ఒక్క కుట్టు విప్పమనలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. మొగుడు కుట్టిన దిండుకు వంక పెట్టకుండా ఒక్క రోజు ఉండలేని ఆడది, మొగుడు రాసిన పుస్తకానికి వంక పెట్టలేదంటే, మౌలాలీ, నీ బుద్ధి యాడికి పోయింది. అవును, గడ్డ తగిలినప్పుడు ఆమె ఏదో అనేది. ఎప్పుడూ అదే మాట అనేది, వినీ వినీ అంగడిలో అందరూ నవ్వేవాళ్లు, పనికొచ్చిన కుర్రవాళ్లు ఆమె అవతలికి పోయాక దాన్నే అనుకరించేవాళ్లు. నాలుక చివరన ఉంది. కళ్లు మూసుకున్నాడు. పరుపు, మోకాళ్లు, పళ్లమధ్య దారం, పెదవులు కదిలాయి. "నాథా, ఈ శయ్య యందు మృదుత్వము కొరవడినది" అంది లాలాబీ.

ఛీ అన్నాడు బయటికే. పక్కనున్న ముసలామె తిరిగి చూసింది. మళ్లీ మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో ఉరుకుంద తిరునాళ్లకు పోయినప్పుడు గాజులు కొనమని అడిగింది కదా, ఎట్లా అడిగింది? "ఆనందమోహనా, ఈ కంకణములు నా కరములకు శోభనిచ్చునా?" హుమేరా పుట్టినప్పుడు నొప్పులు పడుతూ తనను తిట్టింది కదా, ఊరంతా వినేట్టు తిట్టింది, మంత్రసాని కూడా చెవులు మూసుకుంది, ఏమని? "క్రూరుడా" అని వచ్చింది, ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. రెండేళ్లు రాశాడు, ఏడాది దిద్దాడు, అచ్చుకిచ్చే ముందు ప్రూఫులు తనే చూశాడు, ఆ తర్వాత ఎదురొచ్చిన ప్రతివాడికీ పేజీలు పేజీలు నోటికి అప్పజెప్పాడు. అన్నిసార్లు అన్నాక ఆ మాటలే మిగిలాయి. ఆమె నోరు తెరిచిన ప్రతిచోటా చంద్రవదన ముందే వచ్చి కూర్చుంది. రాజశేఖర్ ఎన్ని కాగితాలైనా తేనీ, వాటిమీద పెట్టడానికి తన దగ్గరేముంది? లాలాబీ పుస్తకంలో లేదన్నారు, సరే, కానీ పుస్తకం బయట కూడా లేదని ఇప్పుడు తనొక్కడికే తెలుసు. హుమేరా దగ్గరుంటుందేమో, అడిగితే రెండు మాటలు చెబుతుందేమో, కానీ ఏ మొహంతో అడుగుతాడు, మీ అమ్మ ఎట్లా మాట్లాడేది తల్లీ అని, ముప్పై ఏళ్లు కాపురం చేసిన మొగుడు.

"ఆరేకల్ కాడ ఆపప్పా, ముందే సెప్తాండా, మళ్ల మర్సిపోయి ఆదోనికి ఈడ్సకపోతావు" అని ముసలామె కండక్టరు మీద కేక వేసింది. మౌలాలి ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. ఇట్లాగే, ఇట్లాగే ఉండేది, జరగని తప్పుకు ముందే తిట్టడం, తిట్టులో నవ్వు దాచుకోవడం. ఇంకొకటి అనమ్మా అని అడగాలనిపించింది, ఇంకేదైనా తిట్టు, ఎవరినో ఒకరిని. ముసలామె ఇతని మొహం చూసి, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అంది. బాగుందమ్మా అన్నాడు. ఆమె నమ్మలేదు, సంచిలోంచి ప్రసాదం టెంకాయ ముక్క ఒకటి తీసి చేతిలో పెట్టింది, నీళ్లున్నాయా తాగుతావా అంది, ఆరేకల్‌లో మనవణ్ణి భుజానికెత్తుకుని దిగిపోయింది. ఆమె గొంతు కూడా ఆమెతోపాటే దిగిపోయింది. బస్సులో మిగిలినవాళ్లు నిద్రపోతున్నారు.

కిటికీలోంచి ఆదోని కొండ కనిపించింది, బండలు ఎర్రగా కాగి ఉన్నాయి. ఒక మాట మాత్రం పోలేదు, అది తనకు తెలుసు, బస్సెక్కినప్పటి నుంచీ దాన్ని పక్కకు నెడుతూ మిగతావాటి కోసం వెతుకుతున్నాడు. బాగుందప్పా, సదువు. చంద్రవదన దాన్ని తాకలేకపోయింది, ఎందుకంటే అది నవలలో లేదు. కానీ దానికి గొంతు లేదు. తను విన్నది మెప్పు, ఆమె అన్నది పక్కన కూర్చో అని. ఆ రెండో గొంతు తను ఎన్నడూ వినలేదు కాబట్టి ఇప్పుడు గుర్తుకు రమ్మంటే ఎక్కణ్ణించి వస్తుంది. చెయ్యి కొంచెం లేపింది. ఉండు లాలీ అన్నాడు తను. ఏడుపు రాలేదు. వచ్చినా బాగుండేది.

అంగడిలో హుమేరా మిషను మీద దిండు గలేబులు కుడుతోంది. రాజశేఖర్ చుట్టిపెట్టిన పరుపు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన తెల్లకాగితాల కట్ట, కొత్తది, చుట్టూ కాగితం కూడా విప్పలేదు. మౌలాలిని చూడగానే మిషను ఆగింది. "ఏమనింది నాయనా పెద్దమ్మ?" అంది హుమేరా. చెప్పన్నా, ఏమన్నా పరవాలేదు, అన్నాడు రాజశేఖర్, గెలిచినవాడి గొంతు కాదది, బతిమాలే గొంతు. ఆ కట్ట చూస్తే మౌలాలికి భయం వేసింది. ఒప్పుకుంటే దాన్ని విప్పాలి, విప్పితే మొదటి మాట చెప్పాలి, చెప్పడానికి నోరు తెరిస్తే ఏం వస్తుందో వీళ్లిద్దరి ముందూ తేలిపోతుంది. సంచి కింద పెట్టాడు.

"బాగుందనింది" అన్నాడు.

"అమ్మేననిందా?"

"బాగుందనింది. ఒక్క అచ్చరం మార్సొద్దనింది."

రాజశేఖర్ కాగితాల కట్టను పరుపు వెనక్కి జరిపాడు. హుమేరా లేచొచ్చింది. తండ్రి మొహం చూసింది, చేతిలో చెమటకు తడిసిపోయిన టెంకాయ ముక్క చూసింది, మళ్లీ మొహం చూసింది. అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. స్టూలు లాగి దగ్గర వేసింది, సంచిలోంచి పుస్తకం తీసి అతని చేతిలో పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది. కుట్టు మధ్యలో లేచి వచ్చిందేమో, దారం ఇంకా పళ్లమధ్యే ఉంది.

"బాగుంటాదిలే నాయనా. సదువు" అంది.

గొంతు లాలాబీదే. సగం నోట్లోంచి వచ్చిన మాట, కొంచెం బొంగురు, కొంచెం అలసట, జాలి. బస్సులో కోరుకున్నది అక్షరాలా దొరికింది. ఆ సాయంత్రాల్లో ఆ మాట ఎట్లా ఉండేదో ఇప్పుడు తెలిసింది. మౌలాలి పుస్తకం పక్కన పెట్టి, చెప్పు తల్లీ, నువ్వే ఏమన్నా చెప్పు, అందామనుకున్నాడు. అనుకున్నాడు గానీ ఇంకొక్క క్షణం ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుంది, లేచి పోవాల్సి వస్తుంది. పోవడానికి ఇంకో అంగడి లేదు. పేజీ తెరిచాడు. గోదావరి ఒడ్డున వెన్నెల కాస్తున్నది, పడవలో చంద్రవదన నీలి కళ్లతో కూర్చుని ఉంది. చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో హుమేరా ఏదో అడగబోయినట్టు తల ఎత్తింది. అతను ఆపలేదు.